అమ్మకు పళ్లు తీయాలి, ఎసిట్రోమ్ ఆపాలా వద్దా?

గుంటూరు జిల్లా నుంచి ఒకామె రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి కుదించి చెబుతాను.

వాళ్ల అమ్మగారికి 61 ఏళ్లు. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండెలో మైట్రల్ వాల్వ్ పాడైతే 2012లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ వేశారు. అప్పట్నుంచి రాత్రి ఎనిమిదింటికి, వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా ఆపే ఎసిట్రోమ్ 2 మిల్లీగ్రాముల బిళ్ల, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) 75 వాడుతున్నారు. ఇన్నేళ్లలో ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు కింది దవడలో రెండు పళ్లు పుచ్చి, చిగురు వాచి, చీము పట్టింది. డెంటల్ క్లినిక్‌కి తీసుకెళ్తే రక్తం ఎంతసేపటికి ఆగుతుందో, గడ్డకడుతుందో చూసే బీటీ, సీటీ, పీటీ ఐఎన్‌ఆర్ టెస్టులు రాశారు. బీటీ, సీటీ నార్మల్ వచ్చాయి. ఐఎన్‌ఆర్ మాత్రం 3.2 అని లావు అక్షరాల్లో, పక్కన 'హై' అని వచ్చింది, నార్మల్ 0.8 నుంచి 1.2 అని దాని కింద రాసి ఉంది. నమ్మకం కుదరక అదే సాయంత్రం ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే 2.8 వచ్చింది. డెంటిస్టు "ఇంత పలచటి రక్తంతో పన్ను ముట్టుకోను, ఐదు రోజులు బిళ్ల ఆపి, 1.5 లోపుకి దించుకుని రండి" అన్నారట. హైదరాబాద్‌లో ఉండే గుండె డాక్టర్ ఫోన్‌కి దొరకలేదు.

ఈలోగా డాలస్‌లో ఉన్న అన్నయ్య రోజూ ఫోన్ చేస్తున్నారు. ఈ పాత బిళ్ల ఎందుకు, టెస్టులు అక్కర్లేని కొత్త మందులు వచ్చాయి, వాటికి మార్పించు అంటారు. పోయినేడు స్కానింగ్‌లో గాల్ బ్లాడర్‌లో రాళ్లు కనిపించాయి కదా, ఎలాగూ మందు ఆపుతున్నాం కాబట్టి అదీ తీయించేద్దాం అని కూడా అంటారు. పక్కింటావిడేమో తెలిసినవాళ్లెవరో బిళ్ల ఆపితే పక్షవాతం వచ్చిందని చెప్పి వెళ్లింది. అమ్మగారు ఎవరికీ చెప్పకుండా రెండు రాత్రులు బిళ్ల మానేశారు. "ఆపితే పక్షవాతం, ఆపకపోతే రక్తం ఆగదు. ఏది జరిగినా ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే, అందరూ నన్నే అంటారు. నిద్ర పట్టడం లేదు" అని రాశారు. చివర్లో ఒక చిన్న ప్రశ్న: అమ్మ గోంగూర, తోటకూర పూర్తిగా మానేసింది, అలాగే ఉంచమంటారా?

ఈ జవాబు ఇక్కడ వేసేదాకా ఆగే విషయం కాదు గనక, ముఖ్యమైన ముక్క మీకు అదే రోజు మెయిల్లో పంపాను. ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న మిగతావాళ్ల కోసం దాన్నే ముందు మళ్లీ రాస్తున్నాను. మెటల్ వాల్వ్ ఉన్న మనిషి, అదీ మైట్రల్ స్థానంలో ఉన్న మనిషి, రెండు రాత్రులు ఎసిట్రోమ్ వేసుకోలేదంటే మొదటి పని పన్ను గురించి ఆలోచించడం కాదు, వాల్వ్ వేసిన ఆస్పత్రికి ఫోన్ చేయడం. మీ డాక్టర్ దొరక్కపోతే ఆ ఆస్పత్రి కార్డియాలజీ డ్యూటీ డాక్టర్ని అడగండి. అదీ కుదరకపోతే దగ్గర్లో ఉన్న ఏ కార్డియాలజిస్టు దగ్గరికైనా వెళ్లండి. ఆ రోజే ఐఎన్‌ఆర్ మళ్లీ చేయించాలి. బాగా దిగిపోయి ఉంటే కొన్నాళ్లు హెపారిన్ (గడ్డకట్టకుండా ఆపే మరో మందు) ఇంజెక్షన్లు అవసరమా లేదా అన్నది వాళ్లే తేలుస్తారు. మామూలుగా అదే రాత్రి నుంచి పాత డోసే మొదలుపెట్టమంటారు. పోయిన బిళ్లలకు బదులుగా రెండేసి వేసుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఆయాసం కొత్తగా వచ్చినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా ఫోన్లూ మెయిళ్లూ పక్కనపెట్టి 108 పిలవాలి. ఇంకోటి కూడా చూడండి. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక అమ్మగారి పక్కన పడుకుంటే ఆ వాల్వ్ టిక్ టిక్‌మని గడియారంలా వినిపిస్తుంది, మీకు తెలిసే ఉంటుంది. ఆ చప్పుడు మొద్దుబారినా, వినిపించకుండా పోయినా అదీ ఎమర్జెన్సీయే.

ఇక రిపోర్టు సంగతి. మీ భయమంతా ఆ లావు అక్షరాల దగ్గర మొదలైంది కాబట్టి అక్కడే కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

రక్తం పలచబడటం అని మనం అంటాం గానీ రక్తం నీళ్లలా అయిపోదు, చిక్కదనం ఏమీ మారదు. దెబ్బ తగిలిన చోట రక్తం ఆగడంలో రెండు పనులున్నాయి. ముందు ప్లేట్‌లెట్లు వచ్చి ఇటుకల్లా పేరుకుంటాయి, తర్వాత ఫైబ్రిన్ అనే దారాల పదార్థం సిమెంటులా వాటిని పట్టి ఉంచుతుంది. ఎకోస్ప్రిన్ ఇటుకల మీద పనిచేస్తుంది. ఎసిట్రోమ్ సిమెంటు మీద పనిచేస్తుంది: లివర్ విటమిన్ కె సాయంతో తయారుచేసే 2, 7, 9, 10 నంబర్ల ఫ్యాక్టర్లను తగ్గిస్తుంది. పీటీ టెస్టు చూసేది ఈ సిమెంటు ఎన్ని సెకన్లలో పట్టిందన్నదే. ఎకోస్ప్రిన్ ఐఎన్‌ఆర్‌లో అసలు కనబడదు, కాబట్టి అన్నయ్యకు రిపోర్టు పంపేటప్పుడు ఆ బిళ్ల సంగతి కూడా రాయండి, లేకపోతే సగం కథే తెలుస్తుంది.

మీరు పంపిన రిపోర్టులో పేషెంట్ టైమ్ 36.4 సెకన్లు, కంట్రోల్ (ఏ మందూ వాడనివాళ్లది) 12.8, ఐఎస్ఐ (ల్యాబ్ కెమికల్ ఎంత చురుకైనదో చెప్పే అంకె) 1.1 అని ఉంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.84 వస్తుంది, ల్యాబ్ వాడిన కెమికల్‌ని బట్టి ఐఎస్ఐతో సరిచేస్తే సుమారు 3.2 అవుతుంది, అదే ఐఎన్‌ఆర్. ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో కెమికల్ ఉంటుంది, ఆ తేడా రిపోర్టులో కనబడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో ఈ లెక్క తెచ్చింది. అయినా తేడా పూర్తిగా పోదు. లేత నీలం మూత ఉన్న ట్యూబ్‌లో ముందే సిట్రేట్ ద్రవం ఉంటుంది, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు ద్రవం చొప్పున గీత దాకా రక్తం నిండాలి. నరం దొరక్క సగమే నింపి పంపితే ఐఎన్‌ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఈసారి తీసేటప్పుడు గీత దాకా వచ్చిందో లేదో మీరే చూడండి. మీకొచ్చిన 3.2కీ 2.8కీ మధ్య తేడా రెండు ల్యాబ్‌ల మధ్య మామూలుగా ఉండేదే. ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించుకుంటే ఈ తికమక తగ్గుతుంది.

అసలు విషయం ఏమిటంటే, కింద రాసిన 0.8 నుంచి 1.2 అనేది బిళ్ల వేసుకోనివాళ్ల కొలత. మైట్రల్ మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు డాక్టర్లు పెట్టుకునే గురి మామూలుగా 3, అంటే 2.5 నుంచి 3.5 దాకా. మీ అమ్మగారి 3.2 ఆ గురిలోనే ఉంది, 2.8 కూడా. కంప్యూటర్‌కి వాల్వ్ సంగతి తెలియదు, 1.2 దాటితే 'హై' అని కొట్టేస్తుంది, అంతే. నిజానికి ఆ రోజు రిపోర్టు 1.3 అని మామూలు అక్షరాల్లో వచ్చి ఉంటే నేను భయపడేవాణ్ని.

బీటీ, సీటీ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే అవి నార్మల్ వచ్చాయని ఎంతోమంది ధైర్యపడిపోతారు. వేలికో చెవి తమ్మెకో సూది గుచ్చి, అర నిమిషానికోసారి బ్లాటింగ్ పేపర్‌తో అద్ది, చుక్క అంటుకోవడం ఎప్పుడు ఆగిందో చూసేది బీటీ. సన్నని గాజు గొట్టంలో రక్తం పట్టి, అర నిమిషానికోసారి ముక్క విరుస్తూ, విరిచిన చోట దారం ఎప్పుడు సాగిందో చూసేది సీటీ. చేసే మనిషిని బట్టి మారిపోయే టెస్టులు. ఆపరేషన్‌లో ఎంత రక్తం పోతుందో బీటీ ముందుగా చెప్పలేదు, ఎసిట్రోమ్ ఎంత పనిచేస్తోందో సీటీ నమ్మకంగా చెప్పలేదు. ఏపీటీటీ అని ఇంకోటుంది, అది ఐవీలో ఇచ్చే హెపారిన్‌ని చూసుకోవడానికి. మీ అమ్మగారి విషయంలో ఇప్పుడు చూడాల్సింది ఐఎన్‌ఆర్ ఒక్కటే, అదీ పళ్లు తీసే ముందు 24 గంటల్లోపు చేయించింది.

డెంటిస్టుని నేను తప్పుపట్టను. చిన్న క్లినిక్‌లో సాయంత్రం ఏడింటికి పన్ను తీసి పంపాక రాత్రి పదకొండుకి రక్తం ఆగడం లేదని పేషెంట్ వస్తే ఆయన పరిస్థితి ఏమిటన్నది ఆయన భయం. ఆ భయం న్యాయమైనదే. కానీ ఆయన చెప్పిన ఐదు రోజుల లెక్క వార్ఫరిన్ అనే ఇంకో మందుది. వార్ఫరిన్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది. ఎసిట్రోమ్ దాని కుటుంబానిదే అయినా తొందరగా పోతుంది, రెండు మూడు రోజుల్లోనే దాని ప్రభావం చాలావరకు దిగిపోతుంది. ఐదు రోజులు ఆపడమంటే అందులో సగం రోజులు వాల్వ్‌కి ఏ కాపలా లేకుండా వదిలేసినట్టే.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. నేను మీ అమ్మగారిని పరీక్షించిన డాక్టర్ని కాదు, చివరి మాట గుండె డాక్టర్‌ది. కానీ ఆయన ముందు కూర్చున్నప్పుడు మీకు ఇవి తెలిసి ఉండాలి.

మొదటి దారి, బిళ్ల ఆపకుండానే పళ్లు తీయించడం. ఐఎన్‌ఆర్ 4 లోపు ఉండి నిలకడగా ఉంటే మామూలుగా పళ్లు తీయడానికి మందు ఆపక్కర్లేదన్నది బ్రిటన్‌లో డెంటిస్టులకు ఇచ్చే సలహా, అమెరికా డెంటల్ అసోసియేషన్ కూడా చాలామందిలో ఆపొద్దనే చెబుతుంది. కారణం సులువు. నోట్లో రక్తం వచ్చే చోటు కంటికి కనిపిస్తుంది, వేలితో నొక్కడానికి అందుతుంది. పన్ను తీసిన గుంటలో జెలటిన్ స్పాంజి పెట్టి, కుట్టు వేసి, గాజుగుడ్డ కొరికిపట్టి ఉంచమని, తర్వాత రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో పుక్కిలించమని చెబుతారు. దీని ఇబ్బంది ఏమిటంటే ఊరూరా ఉండే క్లినిక్ దీనికి ఒప్పుకోదు. ఓరల్ సర్జన్ (నోటి ఆపరేషన్లు చేసే డెంటిస్టు) ఉన్న చోటికి వెళ్లాలి, మీకు దగ్గర్లో విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఒకటి రెండు రోజులు ఉమ్మిలో ఎర్ర చార కనబడుతుంది, దానికి సిద్ధపడాలి. నన్నడిగితే ముందు ఈ దారే అడిగి చూడమంటాను.

రెండోది, బిళ్ల ఆపి ఆ ఖాళీలో హెపారిన్ జాతి ఇంజెక్షన్లు వేయించడం. పెద్ద ఆపరేషన్లకు ఇది అవసరం పడొచ్చు. పొట్ట మీద చర్మం కింద రోజుకు రెండుసార్లు వేస్తారు, కమిలిన మచ్చలు పడతాయి, కిడ్నీ పనితీరు చూసి డోసు వేయాలి, చివరిది ఆపరేషన్‌కు దాదాపు 24 గంటల ముందు అయిపోవాలి. ఇంజెక్షన్ వేస్తే గండం గడిచినట్టే అనుకుంటారు చాలామంది, ఇంజెక్షన్‌తో రక్తస్రావం పెరగొచ్చు కూడా. గుండె లయ తప్పినవాళ్ల మీద చేసి 2015లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఇంజెక్షన్ వేసినవాళ్లలో పెద్ద రక్తస్రావాలు 3.2 శాతం, వేయనివాళ్లలో 1.3 శాతం, గడ్డలు మాత్రం రెండు వైపులా ఇంచుమించు అంతే. ఆ అధ్యయనంలో మెటల్ వాల్వ్ వాళ్లని చేర్చుకోలేదు, కాబట్టి ఆ అంకెలు పట్టుకుని మీ అమ్మగారికి ఇంజెక్షన్ అనవసరం అని కూడా అనకూడదు. రెండు పళ్ల కోసం ఇంత తతంగం ఎందుకని మాత్రం అడగొచ్చు.

మూడోది వాయిదా. ప్రస్తుతానికి యాంటీబయాటిక్‌తో వాపు దించి తర్వాత చూద్దాం అనొచ్చు. కొద్ది రోజులైతే సరే, నెలలైతే వద్దు. చీము ఉన్న పన్ను నుంచి బాక్టీరియా రక్తంలోకి వెళ్లి వాల్వ్ మీద కూర్చుంటే వచ్చే ఎండోకార్డైటిస్ ప్రాణం మీదకు తెస్తుంది. అందుకే ఈ దారుల్లో ఏది ఎంచుకున్నా, పళ్లు తీసే ముందు అరగంట నుంచి గంట లోపు ఒకే ఒక పెద్ద డోసు అమాక్సిసిలిన్, పడనివాళ్లకు వేరే మందు, ఇస్తారు. ఎవరూ ఆ మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి.

మీరు అడగని విషయం ఒకటి మీరు పంపిన మందుల చీటీ ఫోటోలో కనిపించింది. వాపుకని అమాక్సిసిలిన్‌తో పాటు మెట్రోనిడజోల్, నొప్పికి ఎసిక్లోఫెనాక్ రాశారు. అమ్మగారు వేసుకోవడం మొదలుపెట్టారో లేదో మీరు రాయలేదు. మెట్రోనిడజోల్ ఎసిట్రోమ్‌ని లివర్‌లో అరగనివ్వదు, దాంతో ఐఎన్‌ఆర్ గబగబా పైకి పోతుంది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు, ఎకోస్ప్రిన్, ఎసిట్రోమ్ మూడూ కలిస్తే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు, అది కంటికి కనబడదు, మలం తారులా నల్లగా వచ్చాక తెలుస్తుంది. అంటే ఒక పక్క రక్తం పలచగా ఉందని భయపడుతూ, ఇంకో పక్క దాన్ని పెంచే మందులే చేతిలో పెట్టారు. నొప్పికి పారాసిటమాల్ మేలు. మెట్రోనిడజోల్ తప్పదు అంటే మూడు నాలుగు రోజులకు ఐఎన్‌ఆర్ చూసుకుంటూ వాడాలి. నోటి పూతకు రాసే మైకొనజోల్ జెల్ కూడా ఈ కోవలోదే. మీరు నిద్ర మానుకుని బెంగపడ్డ 3.2 కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ చీటీ.

అన్నయ్య సంగతి. ఆయన చెప్పే కొత్త మందులు, డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్, నిజంగానే మంచివి. గుండె లయ తప్పినవాళ్లకీ, కాళ్ల నరాల్లో గడ్డ కట్టినవాళ్లకీ అమెరికాలోనే కాదు మన దగ్గరా విరివిగా రాస్తున్నారు, ఐఎన్‌ఆర్ టెస్టు అక్కర్లేదు. కానీ మెటల్ వాల్వ్‌కి అవి పనికిరావు. డాబిగాట్రాన్‌ని మెటల్ వాల్వ్ వాళ్లలో ప్రయత్నించారు, వాల్వ్ మీద గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువైంది, మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. అన్నయ్యకు ఈ ఒక్క ముక్క పంపితే చాలు, ఆయన చదువుకోగలరు.

గాల్ బ్లాడర్ మాట పక్కన పెట్టేయండి. నొప్పి, జ్వరం, కామెర్లు ఏమీ లేకుండా స్కానింగ్‌లో ఊరికే కనబడిన రాళ్లకు మామూలుగా ఆపరేషనే అక్కర్లేదు. పళ్లకు మందు ఆపాల్సిన పని లేకపోతే "ఎలాగూ ఆపాం కదా" అన్న మాటకు ఆధారమే లేదు. ఎప్పుడైనా నొప్పి వస్తే అప్పుడు దానికి వేరే లెక్క, వేరే ఆపరేషన్, ఇంజెక్షన్ల సంగతి అప్పుడు మాట్లాడుకోవచ్చు. దూరంగా ఉన్నవాళ్లకు ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం ఎక్కువగా ఉంటుంది, అది ప్రేమే, దాన్ని అలాగే తీసుకోండి. ఆయన్ని బయట ఉంచకండి. గుండె డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు డాలస్‌లో రాత్రి ఎంతైనా సరే ఆయన్ని ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆయన ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి. ఆ గదిలో ఇద్దరూ ఒకే మాట విన్నాక, మర్నాడు మీరు మధ్యవర్తిలా ఎవరికి ఏం చెప్పాలో లెక్కపెట్టుకోనక్కర్లేదు.

ఏదైనా జరిగితే అందరూ మిమ్మల్నే అంటారన్నారు. ఈ నిర్ణయం మీది కానే కాదు, కాకూడదు కూడా. ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోవాల్సిన విషయాన్ని మీ నెత్తిన పెట్టారు, దాన్ని వాళ్లకే తిరిగి ఇవ్వండి. గుండె డాక్టర్ని లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాయమనండి: ఏ వాల్వ్, ఏ స్థానం, ఐఎన్‌ఆర్ గురి ఎంత, పళ్లు తీయడానికి మందు ఆపాలా వద్దా, ఎకోస్ప్రిన్ సంగతేమిటి. ఆ కాగితం డెంటిస్టుకి చూపించి ఇద్దరి చేత ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడించండి. కాగితం చూసి పాత డెంటిస్టే ఒప్పుకున్నా ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే ఓరల్ సర్జన్. అమ్మగారితో కూడా కోప్పడకుండా మాట్లాడండి. ఆవిడ చాటుగా మానేసింది మొండితనంతో కాదు, డాక్టర్ చెప్పిన మాట మీరు తేల్చలేక నలిగిపోతున్నారని చూసి తనే తేల్చేసింది.

తారీకు పెట్టుకునేటప్పుడు వారం మొదట్లో, పొద్దున పూట అడగండి. రక్తం మళ్లీ మొదలైతే వెలుతురుండగానే, డాక్టర్ ఉండగానే చూపించుకోవచ్చు. ఇంటికొచ్చాక గాజుగుడ్డ అరగంట గట్టిగా కొరికి పట్టాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. ఆ రోజు ఉమ్మేయడం, డాక్టర్ చెప్పిన మందు నీళ్లతో తప్ప పుక్కిలించడం, వేడి కాఫీ వద్దు, చల్లారిన మెత్తటి పెరుగన్నం చాలు. అరగంట నొక్కి పట్టినా నోరు నిండేలా రక్తం వస్తుంటే వెంటనే వెళ్లాలి. ఆ రాత్రి ఎసిట్రోమ్ వేసుకోవాలా అన్నది ముందే అడిగి రాయించుకోండి, ఎనిమిదింటికి తడుముకోకుండా ఉంటుంది.

గోంగూర సంగతి. పూర్తిగా మానేయమని ఎవరు చెప్పారో గానీ అక్కర్లేదు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, మునగాకు, పాలకూర, తోటకూరల్లో బాగా ఉంటుంది, నిజమే. కానీ బిళ్ల డోసు ఆమె రోజూ తినే తిండిని బట్టి కుదురుతుంది. ఒక వారం అసలు తినకుండా, పండక్కి గిన్నెడు తినేస్తే ఐఎన్‌ఆర్ అటూ ఇటూ ఊగుతుంది. వారానికి రెండు మూడుసార్లు, ఇంచుమించు ఒకే మోతాదులో తినమనండి. ఇప్పుడే మొదలుపెట్టకండి, పళ్ల పని పూర్తయి యాంటీబయాటిక్ అయిపోయాక మొదలుపెట్టి, వారం పది రోజులకు అదే ల్యాబ్‌లో ఒకసారి ఐఎన్‌ఆర్ చేయించి, ఆ అంకె గుండె డాక్టర్‌కి పంపండి.